పెళ్లి పచ్చిక

మా అమ్మాయి డార్సీ పెళ్లి మా ఇంటి ముందు పచ్చిక మీదే చేద్దామని ఖాయం చేసుకున్న వారానికే, ఆ పచ్చికని ఎవరో గునపం పుచ్చుకుని పొడిచి పోయారు. పొద్దున్నే కాఫీ కప్పుతో వసారాలోకి వచ్చి చూద్దును కదా, నేలంతా గుంటలు. పిడికిలి పట్టేంత గుంట, పక్కన గుప్పెడు మట్టి, అడుగు దూరంలో ఇంకో గుంట. మా తూర్పు టెక్సస్‌లో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు అది ఎవరి పనో. పెంకుల వీపు, పంది ముట్టె, ఎలుక తోక. ఆర్మడిల్లో! గడ్డి వేళ్లలో దాక్కున్న తెల్ల పురుగుల కోసం పెరళ్లు దున్నిపోవడం దాని వృత్తి.

"హాయిట్! ఇటొచ్చి నీ కొంప చూసుకో!" అని కేకేశాను.

మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, గుంటల మధ్య నిలబడి, చావింటికి పరామర్శకొచ్చినవాడిలా తల అటూ ఇటూ ఊపాడు. ఆ గడ్డి ఆయన సొంతబిడ్డ. పగలంతా స్కూలు బస్సుల షెడ్డులో గ్రీజు పూసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, దాని మీద వట్టి కాళ్లతో ఓ చుట్టు తిరిగితే గానీ ఆయనకి అన్నం సయించేది కాదు. నా మీద లేని శ్రద్ధ ఆ గడ్డి మీద ఉందని నేను ఊరంతా చెప్పుకుని నవ్వేదాన్ని.

పెళ్లి మాటల రోజునే ఆయన రెండు షరతులు పెట్టాడు. పెళ్లి ఈ పచ్చిక మీద. విందు తన పొయ్యి మీద. మా ఊళ్లో ఎవరు చచ్చినా, ఎవరు పెళ్లాడినా, చర్చికి కప్పు వేయించడానికి విందు పెట్టినా, ఎద్దు రొమ్ముకండ పొగపొయ్యి మీద కాల్చి ఊరికి పెట్టేది హాయిట్ లెడ్‌బెటరే. పరాయివాళ్ల చావులకి వండిన చెయ్యి, ఒక్కగానొక్క కూతురి పెళ్లికి ఊరుకుంటుందా? జూన్ మొదటి శనివారం ఊరంతా ఈ గడ్డి మీద కూర్చుని తన చేతి మాంసం తినాలి. ఆ వసంతంలో ఆయనకి ఇంకో కోరికంటూ లేదు.

కబురు ముట్టినట్టుంది, మధ్యాహ్నానికల్లా మార్వా దిగింది. కాబోయే వియ్యపురాలు, పెళ్లికొడుకు కోల్టన్ తల్లి. ఊరి తోటల సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. నెలనెలా ఎవరి పెరడు బాగుంటే వాళ్ల గడ్డిలో ఓ బోర్డు పాతించడం ఆవిడ హక్కు. ఆ బోర్డు మా గడప ఎప్పుడూ తొక్కలేదు.

"అయ్యయ్యో, ఇదేం ఖర్మ నెల్డా!" అంది, చెప్పులకి మట్టి అంటకుండా కారు పక్కనే నిలబడి. "పోనీలెండి, చర్చి హాలు ఖాళీగానే ఉంది."

"హాల్లో తివాచీ ఉంది మార్వా గారూ," అన్నాడు హాయిట్. "మా అమ్మాయి తివాచీ మీద పెళ్లాడదు."

"మరైతే కలరా ఉండలు వెయ్యండి. మంగలి కొట్టునించి జుట్టు తెచ్చి చల్లండి. మనిషి వాసనకి రాదంటారు. మా ఆయన బతికున్న రోజుల్లో మిరప్పొడి చల్లేవాడు."

"పనిచేసిందా?"

"ఆయన పోయాడుగా, ఎవర్నడగను?" అంది మార్వా.

హాయిట్ మూడూ చేశాడు. వారం తిరిగేసరికి మా పచ్చికకి బీరువా వాసన, క్షౌరశాల రూపు వచ్చాయి. మిరప్పొడికి తుమ్మింది పోస్టుమాన్ ఒక్కడే. గుంటలు రోజుకి రోజు పెరిగాయి.

అప్పుడు ఆయన బోను బయటికి తీశాడు. రెండు వైపులా తలుపులున్న ఇనప బోను. దాన్ని కంచె వెంట పెట్టి, నోటికి చెరో పక్కా పొడుగాటి చెక్కలు నిలబెట్టి గరాటులా దారి కట్టాడు. అందులో తిండి ఏమీ పెట్టలేదు.

"ఎర లేకుండా ఎవరైనా బోనులోకి పోతారా?" అన్నాను.

"దానికి చూపానదే. గోడ దొరికితే దాని వెంట ముట్టె రాసుకుంటూ పోవడమే. ఎటు పోతున్నానని అడగదు."

"మరీ అంత తెలివితక్కువా?"

"నేను పోలేదూ మీ నాన్న గోడ వెంటే?" అన్నాడు. చేతిలో ఉన్న తడిగుడ్డ ఆయన మీదకి విసిరాను.

ఒకటి బోనులో పడింది. దాన్ని తీసుకెళ్లి నది అవతల అడవిలో వదిలొచ్చాడు. ఇంకోటి మాత్రం దొరకలేదు. దాని బొరియ మా వెనక గుమ్మం దగ్గర, అజేలియా పూలపొదల చాటున ఉంది. ఓ సాయంత్రం అది గడ్డిలో తిరుగుతుంటే హాయిట్ తరిమాడు. అది బొరియలోకి దూరింది. ఈయన వెనకే బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టేశాడు.

"దొరికింది! తోక దొరికింది నెల్డా!"

"లాగు మరి!"

"లాగితే రాదే. వీపు పైకి బిగించి కూర్చుంటుంది. గిలిగింతలు పెట్టాలి."

చిన్నప్పుడు చర్చి తిరనాళ్లలో ఆర్మడిల్లో పందేలు పెట్టేవారు. వంగుని వెనకనుంచి ఉఫ్‌మని ఊదుతూ వాటిని పరిగెత్తించాలి. ఆ పందేల్లో మా ఆయన్ని కొట్టినవాడు లేడు. గిలిగింతలకి లొంగిందో, విసుగొచ్చిందో, అది ఊడి బయటికొచ్చి, నిలువునా నాలుగడుగులు ఎగిరి, ఆయన గడ్డానికి తగిలి, ఒళ్లో పడింది. నేనూ డార్సీ పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాం.

"నాన్నా, నీ చెయ్యి!" అంది డార్సీ నవ్వుతూనే.

మణికట్టు నుంచి మోచేతి దాకా గోళ్లు చీల్చేశాయి. నెత్తురు వేళ్ల చివర్లనుంచి కారుతోంది. హాయిట్ ఆ చెయ్యి వేరేవాళ్లదైనట్టు తిప్పి చూసుకున్నాడు.

"అరె, తెలియనేలేదే," అన్నాడు.

అయొడిన్ పూస్తే ఉలకలేదు, పలకలేదు. మగాణ్ణన్నాడు. అవునన్నాను. ఆ చేతి మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ కనిపించింది. గ్రీజు తుడుచుకునే మందు పడలేదేమో అనుకుని ఊరుకున్నాను.

*

పెళ్లి వంటకి ముందు ఓసారి సరిచూసుకుందామని ఓ ఆదివారం చర్చి అయ్యాక పొయ్యి రాజేశాడు. పొయ్యి వేడి చూడ్డానికి మా ఇళ్లలో ఓ పద్ధతుంది. ఆయన తండ్రి నేర్పింది. అరచెయ్యి ఇనప జల్లెడ మీద జానెడెత్తున పట్టుకుని ప్రభువు ప్రార్థన చెప్పుకోవాలి. రోజువారీ రొట్టె అడిగే మాట దగ్గరికొచ్చేసరికి ఇక ఓర్చుకోలేక చెయ్యి తీసేస్తే, అది రొమ్ముకండకి సరైన సెగ. అంతకు ముందే తీసేస్తే మంట ఎక్కువ. రొట్టె దాటిపోతే కట్టెలు వెయ్యాలి. వేడి కొలిచే గొట్టాలు దుకాణాల్లో దొరుకుతాయి. జ్వరమొస్తే కొనుక్కుంటాను అనేవాడు హాయిట్.

నేను బంగాళదుంపలు తొక్క తీస్తూ వెనక వసారాలో ఉన్నాను. ఆయన ప్రార్థన గొణుగుతున్నాడు. రొట్టె అడిగాడు. అప్పులు క్షమించమన్నాడు. శోధనలోకి తేవద్దన్నాడు. ఆమెన్ అన్నాడు.

"ఇవాళేమిటో రాజుకోవట్లేదే," అని ఇంకో రెండు ఓక్ దుంగలు నెట్టి, మళ్లీ చెయ్యి పెట్టి, మళ్లీ మొదలుపెట్టాడు.

పొయ్యి పక్కన పెట్టిన ప్లాస్టిక్ గిన్నె అంచు వంకర తిరగడం నాకు అక్కణ్ణుంచే కనిపించింది. గాలి నావైపు తిరిగింది. వెంట్రుకలు కాలిన వాసన. ఆయన కళ్లు మూసుకుని, ప్రశాంతంగా, రెండోసారి ఆమెన్ దగ్గరికి వస్తున్నాడు.

కత్తి ఎక్కడ పారేశానో తెలియదు. వెళ్లి ఆయన చెయ్యి లాగాను. అరచెయ్యి పొక్కిపోయి తెల్లగా ఉంది. ఆయన నా మొహం చూశాడు, తర్వాత చెయ్యి చూసుకున్నాడు.

"వేడిగానే ఉందా?" అన్నాడు.

 

*

పట్నంలో చర్మం డాక్టరమ్మ ఆ మచ్చలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. రెండోసారి వెళ్లినప్పుడు తలుపు వేసి, తన కుర్చీ మా దగ్గరికి జరుపుకుని కూర్చుంది. డాక్టర్లు కుర్చీ దగ్గరికి జరిపితే మంచి మాట చెప్పరు.

"హాయిట్ గారూ, మీరెప్పుడైనా ఆర్మడిల్లోల్ని ముట్టుకున్నారా?"

మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం. నవ్వొచ్చింది నాకు. "ముట్టుకోవడమా డాక్టరమ్మా! ఎత్తుకుని ఆడించాడు," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మీకు వచ్చింది కుష్టు," అంది.

మా అమ్మమ్మ ఆ మాట నోటితో పలికేది కాదు. పెద్దరోగం అనేది, అదీ గొంతు తగ్గించి. అది బైబిల్లో రోగం. గంట కట్టుకుని ఊరి బయట తిరిగేవాళ్ల రోగం. కారు లోనుకి వాయిదాలు కట్టుకుంటూ, టీవీలో బేస్‌బాల్ చూసుకునే మా ఆయనకి రావడమేమిటి? గోడ మీది గడియారం చప్పుడు తప్ప నాకు కాసేపు ఏమీ వినపడలేదు. డాక్టరమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"...ఈ ఏడాది పట్టినవాటి వల్ల కాదు, ఏళ్ల కిందటే అంటుకుని ఉంటుంది. మందులున్నాయి. రోజూ వేసుకోవాలి, ఏడాదో రెండేళ్లో. పూర్తిగా నయమవుతుంది. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే మీ వల్ల ఎవరికీ అంటదు. అసలు నూటికి తొంభైమందికి పైగా ఒంట్లోనే దీన్ని ఆపే శక్తి ఉంటుంది. నెల్డా గారూ, మీరు ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకుని బాగానే ఉన్నారు కదా? మిమ్మల్నీ పరీక్ష చేస్తాం, భయపడకండి. పోయిన స్పర్శ మాత్రం తిరిగొస్తుందని మాటివ్వలేను."

హాయిట్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"జూన్‌లో మా అమ్మాయి పెళ్లి. నేను వండొచ్చా?"

"వండొచ్చు. తిండి ద్వారా రాదు. నేనైతే మీరు పెట్టింది తింటాను," అంది ఆవిడ.

దార్లో నేను చెప్పాను. ఎవ్వరికీ చెప్పొద్దు, పెళ్లయ్యేదాకా నోరు కుట్టేసుకుందాం, కాలిన చెయ్యి అంటే కాలిన చెయ్యే. ఆయన రోడ్డు చూస్తూ ఊఁ అన్నాడు. ఊఁ అంటే సరేనని అనుకున్నాను. పాతికేళ్లు కాపురం చేసి కూడా మనిషి ఊఁకి అర్థం తెలియలేదు నాకు.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక, ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో చెప్పండని పాస్టరుగారు అడుగుతారు. ప్రతివారం ఉండేదే. ఒకావిడ మోకాలు, ఒకాయన మనవడి పరీక్ష, ఇంకొకాయన ఈనలేకపోతున్న ఆవు. ఆవు అయ్యాక నా పక్కన బెంచీ కిర్రుమంది. హాయిట్ లేచి నిలబడ్డాడు. ప్యాంటు పట్టుకుని లాగాను. కూర్చోలేదు.

"నాకు కుష్టొచ్చింది," అన్నాడు. "ఆర్మడిల్లోల వల్ల. మందు వేసుకుంటున్నాను. ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. డార్సీ పెళ్లికి వంట నాదే కాబట్టి మీకు తెలియాలి. అంతే. ప్రార్థన చెయ్యండి."

 ఎవరో పర్సు మూసిన చప్పుడు టిక్కుమంది. పాస్టరుగారు రెండుసార్లు గొంతు సవరించుకుని, ప్రార్థన చేశారు, బాగానే చేశారు. ఆవుని మళ్లీ కలిపారు కూడా. బయటికొచ్చాక చూస్తే, ప్రతి ఆదివారం హాయిట్ చెయ్యి పట్టుకుని ఊపేవాళ్లందరికీ ఆ రోజు రెండు చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. తాళాలు, బైబిలు, పక్కింటివాళ్ల పాప. నవ్వులు మాత్రం అందరూ నవ్వారు.

కారెక్కాక అరిచాను. "నీకేమైనా మతి పోయిందా? నీ నోట్లో నువ్వు గింజ నానదా? కూతురి పెళ్లని లేదా?"

"నా చేతి కూడు తినేవాడికి నా చెయ్యి సంగతి తెలియాలే. దాచిపెట్టి వడ్డిస్తే అది విందెలా అవుతుంది?"

నాకు కోపం ఆగలేదు. కోపం కాదు, భయం. ఆయన తప్పు మాట అన్నాడని మాత్రం అనలేకపోయాను.

మర్నాడు మార్వా వచ్చింది. ఈసారి కారు దిగి మెట్ల దాకా వచ్చింది గానీ పైకెక్కలేదు. అది ఆవిడ తప్పని నేననను. హాయిట్ పచ్చికలో గుంటలకి ఇసక నింపుతున్నాడు. డార్సీ నా పక్కన ఉంది.

"హాయిట్ గారిని చూస్తే కడుపు తరుక్కుపోతోంది," అంది మార్వా. "ఆయనకి విశ్రాంతి కావాలి. పక్క ఊళ్లో వంటవాళ్లున్నారు, శుభ్రంగా చేస్తారు. ఆయన పెద్దమనిషిలా కుర్చీలో కూర్చుంటారు. ఏమంటావు డార్సీ?"

డార్సీ వేలికున్న ఉంగరం పీకి మెట్ల కటకటాల మీద పెట్టింది. "నాన్న పొయ్యి వెలిగించకపోతే నాకు పెళ్లే వద్దు. కోల్టన్‌కి చెప్పండి. నేను పుట్టినప్పట్నుంచీ ఆ చేతి కూడే తిన్నాను. నన్ను చూడండి, ఎక్కడైనా ఊడిపోయిందా?"

"అయ్యో పిల్లా, నేనేమన్నానని!" మార్వా గబగబా ఆ ఉంగరం తీసి దాని అరచేతిలో పెట్టి మూసింది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగింది. "చేతులకి తొడుగులైనా వేసుకుంటారా?"

"వేసుకుంటాడు," అన్నాను.

హాయిట్ అంతా విన్నాడు. తల ఎత్తలేదు. కానీ పారతో ఇసక సర్దుతూ ఈల వేశాడు, వారాల తర్వాత. నా కూతురి మీద నాకు ఎంత గర్వం వేసిందంటే, వెళ్లి దాన్ని కావలించుకుని ఏడ్చేశాను.

*

పెళ్లి ముందురోజు మధ్యాహ్నం పొయ్యి రాజేశాం. చెయ్యి పెట్టింది నేను. జల్లెడ మీద అరచెయ్యి చాపి ప్రార్థన మొదలుపెట్టాను. మొదటిసారి రెండు మాటలకే తీసేశాను. ఆయన దుంగలు వెనక్కి లాగాడు. మళ్లీ పెట్టాను. రొట్టె దగ్గరికొచ్చేసరికి తీసేయక తప్పలేదు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"నువ్వు తొందరగా చదివేస్తున్నావు. మా నాన్న నిదానంగా చదివేవాడు."

"మీ నాన్న చెయ్యి కాదు, ఇది నాది. మండుతోంది."

ఆయన నా అరచేతిని తన ఎడంచేతిలోకి తీసుకుని చల్లటి నీళ్లు పోశాడు. ఆ వేళ్లకి కాస్తో కూస్తో ఇంకా తెలుస్తుంది. పొగ మా ఇద్దరి కళ్లలోకీ వచ్చింది. అన్ని నెలల్లో అదొక్క పూట నాకు భయం వెయ్యలేదు.

శనివారం పచ్చిక పచ్చగా, నున్నగా ఉంది. ఎక్కడ పూడ్చాడో నాకే తెలియలేదు. రెండోదాన్నీ నది అవతల వదిలొచ్చాక, అజేలియాల వెనక బొరియ ఒక్కటి మిగిలింది. ఖాళీదే కదా, పెళ్లయ్యాక పూడుస్తానన్నాడు. ఎవరొస్తారో అని నేను కిటికీ దగ్గర నిలబడి ఉంటే, కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి రోడ్డు చివరి దాకా ఆగాయి. ఊరంతా వచ్చింది. ఆవు ఆయన కూడా వచ్చాడు. మార్వా లేతరంగు టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. డార్సీ తండ్రి చెయ్యి పట్టుకుని గడ్డి మీద నడిచొచ్చింది, తొడుగు లేని చెయ్యే పట్టుకుంది. అక్కడే నాకు కళ్లనీళ్లు మొదలయ్యాయి.

తర్వాత విందు. హాయిట్ తెల్ల తొడుగులు వేసుకుని రొమ్ముకండ పలచగా కోసి వడ్డించాడు. అందరూ వరసలో నిలబడ్డారు. "రెండు ముక్కలెయ్యి హాయిట్," అన్నవాళ్లున్నారు. "నీ పొయ్యిని మించిన పొయ్యి లేదోయ్," అన్నవాళ్లున్నారు. చెట్ల కిందా, కంచె పక్కనా, ఇంటి చుట్టూ పళ్లాలు పుచ్చుకుని తిరిగారు. జంట పేర్లు వెండి అక్షరాల్లో అచ్చేయించిన కాగితం రుమాళ్లు అందరి చేతుల్లోనూ. పెళ్లికూతురికి మాత్రం నేను కుట్టిన గుడ్డ రుమాలు, మూలన నీలిదారంతో దాని పేరు. డార్సీ తన బల్ల దగ్గర్నుంచి ఫోర్కుతో ముక్క పైకెత్తి, "నాన్నా!" అని అరిచి చూపించింది. ఆయన తొడుగు చెయ్యి పైకెత్తి ఊపాడు. కాసేపటికి బట్టలు మార్చుకోవడానికి రుమాలు చేత్తో పట్టుకునే వెనక గుమ్మం వైపు పరిగెత్తింది. వాళ్ల కారు వెళ్లేటప్పుడు బియ్యం జల్లి, అరిచి, గొంతులు పోగొట్టుకున్నాం.

అందరూ వెళ్లాక పళ్లాలు ఏరాను. అన్నీ ఖాళీ. కొవ్వు తునక కూడా లేదు. హాయిట్ తొడుగులు విప్పి, చెక్కపలక తుడిచాడు.

"ఒక్క ముక్క మిగల్లేదు నెల్డా," అన్నాడు చివరికి. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

*

మర్నాడు నేను లేచేసరికి మంచంలో ఆయన లేడు. వంటింటి కిటికీలోంచి చూస్తే వెనకాల పచ్చిక మీద వంగి ఏదో ఏరుతున్నాడు. చెప్పులు వేసుకుని బయటికెళ్లాను.

"మన చుట్టం మళ్లీ వచ్చిందే," అన్నాడు, నావైపు చూడకుండా. "ఖాళీ ఇల్లు చూసి కాపురం పెట్టబోయింది. ముందున్నవాళ్ల చెత్త బయట పోసింది."

అజేలియాల వెనకనుంచి గడ్డి మధ్య దాకా కొత్తమట్టి విసనకర్రలా విరజిమ్మి ఉంది. ఆర్మడిల్లో బొరియ బాగుచేసుకునేటప్పుడు లోపలున్నదంతా వెనక కాళ్లతో బయటికి తన్నేస్తుంది. ఆ మట్టి నిండా కాగితం రుమాళ్లు. చుట్టి, మడిచి, నలిపి, పిడికిళ్లలాంటి మూటలు. కొన్ని విప్పుకున్నాయి. పలచగా, సమంగా, నారకి అడ్డంగా కోసిన ముక్కలు. అలా కోసేది మా ఊళ్లో ఒక్కరే. వాటికి చీమలు పట్టాయి. మట్టిలో అక్కడక్కడా డార్సీ పేరు, కోల్టన్ పేరు వెండి రంగులో మెరుస్తున్నాయి.

 మొదట ఒకరెవరో ఆ బొరియ చూసి ఉంటారు. వాళ్లు ఇంకొకరికి కళ్లతో చెప్పి ఉంటారు. నేను చెట్ల కింద నిలబడి ఏడ్చి సంతోషపడుతున్నంతసేపూ, ఊరు ఊరంతా వరస కట్టి, వాసన చూసి, మెచ్చుకుని, ఇంటి చుట్టూ తిరిగొచ్చి ఇందులో పారేసింది. రెండు ముక్కలు అడిగినవాళ్లు రెండూ పారేశారు.

"హాయిట్... అందరూనా?"

"కోల్టన్ నా ముందే తిన్నాడు. మార్వా కూడా, నమిలి మింగింది, నేను చూశాను. మిగతావాళ్లు..." ఆయన బకెట్టులోకి ఇంకో మూట వేశాడు. "వచ్చారు కదే. నవ్వుతూ పళ్లెం పట్టారు. దానికీ ఎంతో కొంత గుండె కావాలి."

సాయం చేద్దామని వంగబోయాను. అప్పుడు కనిపించింది, బట్టలారేసే తాడు మీద. ఒకే ఒక్క గుడ్డ, నీళ్లు కారుతూ. మూలన నీలిదారం.

లేచి తాడు దగ్గరికెళ్లాను. ఉంగరం పీకి కటకటాల మీద పెట్టిన పిల్ల. ఎక్కడైనా ఊడిపోయిందా అని అడిగిన పిల్ల.

"అదెక్కడ దొరికింది?" అన్నాను.

"గాలికి ఎగిరి పడ్డట్టుంది, గడ్డిలో," అన్నాడు హాయిట్. మూడు రోజులుగా ఆకు కదల్లేదు మా ఊళ్లో. "పాపం, నువ్వు కుట్టింది కదా అని ఉతికేశాను. నువ్వు డార్సీకేం రాయకు. నేనే పంపిస్తాను, ఆరాక."

బకెట్టు కింద పెట్టి తాడు దగ్గరికొచ్చాడు. కుడిచేతి వేళ్లతో ఆ గుడ్డ అంచు పట్టుకుని, అటూ ఇటూ రుద్ది, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"రెండుసార్లు సబ్బు పెట్టాను. జిడ్డు పోయిందో లేదో నా వేళ్లకి తెలియట్లేదు. నువ్వు చూడు."

ముట్టుకున్నాను. జిడ్డు ఇంకా ఉంది.

"పోయింది," అన్నాను.